ఒంటి ‘ఈ’ రాయాలా, జంట ‘ఈ’ రాయాలా? ఇంగ్లీషులో ఫ్రెంచి మాటల స్త్రీ, పురుష రూపాల ఎంపిక

పెళ్లి నిశ్చయమైనది అబ్బాయికైనా అమ్మాయికైనా, మాట్లాడేటప్పుడు ఇద్దరినీ ఒకే మాటతో ఫియాన్సే అంటాము. తెలుగు లిపిలో రాసినప్పుడు కూడా తేడా ఏమీ కనిపించదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాయవలసి వచ్చినప్పుడు మాత్రం, చివర ఒక ‘ఈ’ పెడితే కాబోయే వరుడు, రెండు ‘ఈ’లు పెడితే కాబోయే వధువు అవుతారు. అమెరికా వీసా దరఖాస్తుకు జతచేసే ఉత్తరంలోనో, ఆఫీసులో తోటివారికి పంపే ఆహ్వానంలోనో, ఇంగ్లీషు పత్రికకు రాసే వ్యాసంలోనో ఈ మాట ఎదురైనప్పుడు చాలామంది తడబడి, చేతికి వచ్చిన రూపం రాసేస్తారు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చి, మనుషులను సూచించే మాటల్లో ఇటువంటి జంటలు మరికొన్ని ఉన్నాయి. వాటిలో ఏ రూపాన్ని ఎప్పుడు ఎంచుకోవాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

రాసేవారి ముందు మూడు దారులు ఉంటాయి. ఫ్రెంచి పద్ధతి ప్రకారం స్త్రీకి ఒక రూపం, పురుషునికి ఒక రూపం పాటించడం మొదటిది. ఎవరి గురించి రాసినా ఒకే రూపం వాడటం రెండవది. అసలు ఆ ఫ్రెంచి మాటనే పక్కనపెట్టి, లింగభేదం లేని మామూలు ఇంగ్లీషు మాటను వాడటం మూడవది. వీటిలో ఏదో ఒకదాన్ని పట్టుకొని అన్ని మాటలకూ అదే సూత్రాన్ని వర్తింపజేయడం వల్లనే ఎక్కువ తప్పులు దొర్లుతున్నాయని నా అభిప్రాయం. ఒక్కొక్క మాట ఇంగ్లీషులో ఒక్కొక్క విధంగా స్థిరపడింది కాబట్టి, ఎంపిక కూడా మాటను బట్టే జరగాలి.

తెలుగువారికి ఇది బొత్తిగా కొత్త సంగతేమీ కాదు. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో రచయిత–రచయిత్రి, నటుడు–నటి, విద్యార్థి–విద్యార్థిని వంటి జంటలను మనం నిలుపుకున్నాము. మంత్రి, న్యాయమూర్తి, అధికారి వంటి మాటలను మాత్రం స్త్రీలకూ పురుషులకూ ఒకే రూపంలో వాడుతున్నాము. మంత్రిణి అని ఎవరైనా రాస్తే వ్యాకరణం ఒప్పుకున్నా చెవి ఒప్పుకోదు. ఇంగ్లీషులో చేరిన ఫ్రెంచి మాటల పరిస్థితి కూడా అచ్చంగా ఇంతే.

ఫ్రెంచిలో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది, విశేషణం దాన్ని అనుసరిస్తుంది. క్రియ నుంచి పుట్టిన ఒక రకం విశేషణాలు పురుషుని విషయంలో పైన వాలుగీత ఉన్న ఒక ‘ఈ’తో ముగుస్తాయి. స్త్రీ విషయంలో దాని తరువాత గీత లేని మరొక ‘ఈ’ చేరుతుంది, కాని అది పలకదు. ఫియాన్సే, ఒకరి ప్రోత్సాహంలో పైకి వచ్చేవారిని చెప్పే ప్రొటెజే, విడాకులు తీసుకున్నవారిని చెప్పే డివోర్సే, పుట్టింటి ఇంటిపేరుకు ముందు వచ్చే నే అనే మాటలు ఈ కోవలోనివి. అందువల్ల వీటిలో స్త్రీ, పురుష భేదం కంటికి తెలుస్తుందే తప్ప చెవికి తెలియదు. మరికొన్ని మాటల్లో చివర ‘ఈ’ చేరినప్పుడు దానికి ముందున్న హల్లు ఫ్రెంచిలో పలుకుతుంది, బంగారురంగు జుట్టును చెప్పే బ్లాండ్ అటువంటిదే. ఇంకొన్నింటిలో మాట చివరి భాగమే పూర్తిగా మారిపోతుంది. మర్దన చేసే పురుషుడు మాసర్, స్త్రీ మాస్యూజ్. రాతలో తికమక ఎక్కువగా వచ్చేది మొదటి కోవతోనే.

ఫియాన్సే: రెండు రూపాలూ పాటించవలసిన మాట

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషులో చేరిన ఈ మాట నేటికీ తన రెండు రూపాలనూ గట్టిగా నిలుపుకొంది. ఇక్కడ అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. రాస్తున్నది అమ్మాయి కాబట్టి జంట ‘ఈ’ రావాలని కొందరు అనుకుంటారు. నిజానికి రాసేవారు ఎవరన్నదానితో పనిలేదు, ఎవరి గురించి రాస్తున్నామన్నదే ముఖ్యం. అమ్మాయి తనకు కాబోయే భర్త గురించి రాస్తే ఒంటి ‘ఈ’, అబ్బాయి తనకు కాబోయే భార్య గురించి రాస్తే జంట ‘ఈ’ రావాలి. పురుషుడు పురుషుణ్ని పెళ్లాడబోతున్నప్పుడు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది కాబట్టి ఇద్దరికీ ఒంటి ‘ఈ’యే వస్తుంది. బహువచనంలో స్త్రీలు మాత్రమే ఉంటే జంట ‘ఈ’ తరువాత ‘ఎస్’ చేరుతుంది. పురుషులు ఉన్నప్పుడు, లేదా ఇరువురూ కలిసి ఉన్నప్పుడు ఒంటి ‘ఈ’ తరువాత ‘ఎస్’ చేరుతుంది.

ఈ మాటకు మొదటి దారినే ఎంచుకొమ్మని నేను గట్టిగా చెప్తాను. అందుకు కారణం కేవలం సంప్రదాయం కాదు. కిరణ్ అనే పేరునే తీసుకోండి. ఆ పేరు మన దేశంలో అబ్బాయిలకూ ఉంది, అమ్మాయిలకూ ఉంది. ‘కిరణ్, మై ఫియాన్సే’ అని ఇంగ్లీషులో రాసి పంపితే, మన పేర్లతో పరిచయం లేని విదేశీ మిత్రునికి ఆ వ్యక్తి ఎవరో తెలిపే ఆధారం ఆ వాక్యంలో చివరి అక్షరం ఒక్కటే. అతను బదులిచ్చేటప్పుడు సర్వనామం సరిగా వాడాలన్నా, పెళ్లి కానుకతో పాటు పంపే కార్డుపై సరైన సంబోధన రాయాలన్నా ఆ అక్షరమే దిక్కు. చిన్నదే అయినా అది మోసే సమాచారం నిజమైనది, అందుకే దాన్ని వదులుకోకూడదు. ఎదుటివారు తమను స్త్రీగా గాని పురుషునిగా గాని చెప్పుకోనప్పుడు, లేదా ఎవరో మనకు తెలియనప్పుడు, మూడో దారి మేలు. ‘ఎంగేజ్డ్ టు’ అనే మాటలతో వాక్యాన్ని మలిస్తే సరిపోతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మాట మరో విధంగా ఎదురవుతుంది. అమెరికా పౌరులు తాము పెళ్లాడబోయే విదేశీయులను కె-1 వీసా మీద రప్పించుకోవడానికి ఐ-129ఎఫ్ అనే ఫారం నింపాలి. అలా వచ్చినవారు 90 రోజుల్లోగా, ఆ దరఖాస్తు పెట్టిన వ్యక్తినే పెళ్లి చేసుకోవాలి. ఆ ఫారం పేరులో ఫియాన్సే అనే మాటకు చివరి ‘ఈ’ని కుండలీకరణాల్లో ఉంచి, స్త్రీపురుషులిద్దరికీ ఒకే మాట సరిపోయేలా రాశారు. అందరికీ పనికివచ్చే ముద్రిత ఫారానికి ఆ పద్ధతి బాగుంటుంది. దానికి జతచేసే ఉత్తరం మాత్రం ఒక నిర్దిష్ట వ్యక్తి గురించి రాసేది కాబట్టి, అందులో కుండలీకరణాలు పెట్టడం అసహజంగా ఉంటుంది. మొదటిసారి పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరుతో పాటు సరైన రూపాన్ని రాసి, ఆ తరువాత అంతటా పేరునే వాడటం మంచిది.

నే: పుట్టింటి ఇంటిపేరుకు

పెళ్లికి ముందున్న ఇంటిపేరును తెలపడానికి ఇంగ్లీషులో వాడే ‘నే’ అనే చిన్న మాటకు పుట్టిన అని అర్థం. స్త్రీ విషయంలో ‘ఎన్’ తరువాత రెండు ‘ఈ’లు, వాటిలో మొదటిదానిపైన వాలుగీత వస్తాయి. హైదరాబాదులో 1879లో అఘోరనాథ్ ఛటోపాధ్యాయ కుమార్తెగా పుట్టి, ముత్యాల గోవిందరాజులు నాయుడును పెళ్లాడిన కవయిత్రి గురించి ఇంగ్లీషు జీవిత చరిత్రల పద్ధతిలో ‘సరోజినీ నాయుడు, నే ఛటోపాధ్యాయ’ అని రాస్తారు. ఆ మాట తరువాత రావలసింది ఇంటిపేరు మాత్రమే. సరోజినీ అనే పేరును మళ్లీ అక్కడ చేర్చడం పొరపాటు. మొదటి పెళ్లి ద్వారా వచ్చి, తరువాత వదిలేసిన ఇంటిపేరుకు ఈ మాటను వాడకూడదు, ఎందుకంటే ఆ పేరుతో ఆమె పుట్టలేదు.

పురుషునికి ఒంటి ‘ఈ’ రూపం ఉన్నప్పటికీ ఇంగ్లీషులో దాని వాడకం చాలా తక్కువ. పేరు మార్చుకున్న కళాకారుల విషయంలోనే అది కనిపిస్తుంది. చిరంజీవి అసలు పేరు కొణిదెల శివశంకర వరప్రసాద్ అని చెప్పవలసి వచ్చినప్పుడు ఒంటి ‘ఈ’ రూపం వ్యాకరణానికి సరిపోతుంది. అయినా చదివేవారిలో చాలామంది అది అచ్చుతప్పేమో అనుకుంటారు కాబట్టి, ‘బోర్న్’ అనే మామూలు మాట వాడటమే మేలని నా సలహా. స్త్రీల విషయంలో కూడా సంస్మరణ వ్యాసాల్లో, జీవిత చరిత్రల్లో, వంశవృక్షాల్లో ‘నే’ చక్కగా ఇముడుతుంది గాని, పాస్‌పోర్టు, వీసా, బ్యాంకు దరఖాస్తుల్లో దానికి చోటు లేదు. అక్కడ పూర్వపు పేరుకు వేరే గడి ఉంటే అందులో పేరును మాత్రమే రాయాలి. ‘నే’ను కూడా కలిపి రాస్తే అది పేరులో భాగంగా నమోదయ్యే ప్రమాదం ఉంది.

జంట ‘ఈ’ కనిపించిన ప్రతి మాటా స్త్రీలింగం కాదు

ఫియాన్సే సూత్రం నేర్చుకున్నవారు దాన్ని అవసరం లేని చోటికి కూడా తీసుకువెళ్లడం తరచుగా కనిపిస్తుంది. ఎంప్లాయీ అనే మాట చివర రెండు ‘ఈ’లు ఉన్నాయి కాబట్టి అది స్త్రీ ఉద్యోగికే చెందుతుందని, పురుషునికి ఒంటి ‘ఈ’ రావాలని అనుకోవడం అటువంటిదే. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువారు ఫ్రెంచి రూపాన్ని వాలుగీతతో సహా రాసిన మాట నిజమే. ఇప్పుడు స్థిరపడిన రూపం ఒక్కటే, అది అందరికీ చెందుతుంది. బ్యాంకు ఫారాల్లో మనకు బాగా అలవాటైన నామినీ, చెక్కు మీద కనిపించే పేయీ, కౌలు పత్రాల్లోని లెస్సీ, తాకట్టు పత్రాల్లోని మార్ట్‌గేజీ కూడా ఇదే కుదురులోనివి. ఇంగ్లండును నార్మన్లు 1066లో జయించిన తరువాత అక్కడి న్యాయస్థానాల్లో చాలాకాలం వాడుకలో ఉన్న ఫ్రెంచి నుంచి ఈ ప్రత్యయం వచ్చింది. ఒక పనికి కర్త ఎవరు, ఆ పని ఎవరికి చెందుతుంది అనే తేడాను చూపడమే దాని పని. స్త్రీ, పురుష భేదంతో దానికి సంబంధం లేదు. కాబట్టి నామినీగా భర్త పేరు రాసినా, భార్య పేరు రాసినా ఆ మాట మారదు.

మ్యాట్నీ, సాయంకాలపు విందును చెప్పే స్వారే, మెత్తగా రుబ్బిన పదార్థాన్ని చెప్పే ప్యూరే వంటి మాటల చివర కూడా జంట ‘ఈ’ ఉంటుంది. అవి వస్తువులకో, ఘటనలకో పేర్లు. ఫ్రెంచిలో ఆ నామవాచకాలు స్త్రీలింగానికి చెందినవి కావడం వల్ల ఆ వర్ణక్రమం వచ్చింది, కాబట్టి అది ఎప్పుడూ మారదు. మ్యాట్నీ ఆటకు మగవాళ్లు మాత్రమే వెళ్లినా అందులో ఒక ‘ఈ’ తగ్గదు!

ఇటువంటిదే మరో అపోహ ఆర్టిస్ట్ అనే మాట చుట్టూ ఉంది. చివర ‘ఈ’ చేర్చిన రూపం స్త్రీ కళాకారులదని మన దగ్గర చాలామంది అనుకుంటారు. ఫ్రెంచిలో ఆ మాట ఇద్దరికీ ఒకటే. ఇంగ్లీషులో ఆ ‘ఈ’ తెలిపేది వృత్తిభేదాన్ని. వేదిక మీద పాడేవారికి, ఆడేవారికి, నటించేవారికి ‘ఈ’ ఉన్న రూపాన్ని, చిత్రకారులకు, శిల్పులకు ‘ఈ’ లేని రూపాన్ని వాడే అలవాటు ఉంది. భారతీయ ఇంగ్లీషు పత్రికలు ఈ తేడాను నేటికీ బాగానే పాటిస్తున్నాయి. పాటించదలచుకోనివారు అందరికీ ‘ఈ’ లేని రూపాన్నే వాడవచ్చు. స్త్రీకి ఒకటి, పురుషునికి ఒకటి అన్న విభజన మాత్రం సరికాదు.

ఒకే రూపంతో సరిపెట్టుకోవలసినవి

బ్లాండ్ అనే మాటను చివర ‘ఈ’ లేకుండా పురుషునికి, ‘ఈ’తో స్త్రీకి రాసే పద్ధతి బ్రిటిష్ ఇంగ్లీషులో ఇంకా కనిపిస్తుంది. అమెరికా వాడుక ‘ఈ’ లేని రూపం వైపు మొగ్గింది. జుట్టు రంగును విశేషణంగా చెప్పేటప్పుడు ‘ఈ’ లేని రూపాన్ని అందరికీ వాడవచ్చు, అది ఎక్కడా తప్పు కాదు. ఆ మాటను నామవాచకంగా చేసి ఒక మనిషినే జుట్టు రంగుతో పిలవడం నాకు ఏమాత్రం నచ్చదు. స్త్రీల విషయంలో ఆ పిలుపు ఎంతోకాలంగా చులకన భావాన్ని మోస్తూ వస్తోంది. బ్రూనెట్ అనే మాట కథ వేరు. దాని పురుష రూపం ఇంగ్లీషులో దాదాపు కనుమరుగైంది, కాబట్టి గోధుమరంగు జుట్టు అని మామూలు మాటల్లో రాయడమే నయం.

క్రికెట్ వార్తలు రాసేవారికి, తొలిసారి బరిలోకి దిగేవారిని చెప్పే డెబ్యుటెంట్ అనే మాట తప్పదు. హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 1999లో ఐర్లాండ్‌పై ఆడిన తొలి వన్డేలోనే 114 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. ఆ ఇన్నింగ్స్ గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు, ఆమె స్త్రీ కాబట్టి చివర ‘ఈ’ చేర్చాలనిపించడం సహజం. అయితే ఇంగ్లీషులో ఆ ‘ఈ’ ఉన్న రూపానికి వేరే చరిత్ర ఉంది. సంపన్న కుటుంబాల్లో యుక్తవయస్సు వచ్చిన ఆడపిల్లను తొలిసారి విందులకు, నాట్యసభలకు పరిచయం చేసే సంప్రదాయంలో ఆ పిల్లను అలా పిలిచేవారు. బ్రిటన్‌లో అటువంటి అమ్మాయిలను రాజదర్బారులో ప్రవేశపెట్టే ఆచారం 1958తో ముగిసింది. ఆ అర్థచ్ఛాయ ఆటగత్తెకు అంటుకోకూడదు. అందుకే క్రీడల్లో అందరికీ ‘ఈ’ లేని రూపమే సరైనదని నా నిశ్చితాభిప్రాయం.

ఆంత్రప్రెన్యూర్ (పారిశ్రామికవేత్త), షోఫర్ (కారు డ్రైవరు), రెస్టరేటర్ (రెస్టారెంటు నడిపేవారు) వంటి మాటలకు ఫ్రెంచిలో స్త్రీ రూపాలు ఉన్నా ఇంగ్లీషులో అవి స్థిరపడలేదు. వాటిని మనమే తయారుచేసి మహిళా పారిశ్రామికవేత్తకు తగిలించడం గౌరవం అనిపించుకోదు. డివోర్సీ అనే మాట విషయంలో అమెరికా నిఘంటువులు రెండు రూపాలు చూపితే, బ్రిటిష్ వాడుక జంట ‘ఈ’ రూపాన్ని వాలుగీత లేకుండా ఇద్దరికీ వర్తింపజేస్తుంది. మన పెళ్లి సంబంధాల ప్రకటనల్లో కనిపించేది ఈ బ్రిటిష్ పద్ధతే. అయినా, ఒక మనిషిని ఆ పేరుతో పిలవడం కంటే ‘డివోర్స్డ్’ అని విశేషణంగా రాయడం మర్యాద.

కాన్ఫిడాంట్ అనే మాటలో ఆసక్తికరమైన సంగతి ఒకటి ఉంది. ఆంతరంగికులు అని చెప్పే ఈ మాటకు ఇంగ్లీషులో స్త్రీ రూపం ‘ఈ’తో ముగుస్తుంది, అందువల్ల అది అచ్చమైన ఫ్రెంచి అనిపిస్తుంది. నిజానికి ఫ్రెంచిలో ఆ మాటను ‘ఏ’ అక్షరంతో కాక ‘ఈ’ అక్షరంతోనే, మన కాన్ఫిడెంట్ లాగే రాస్తారు. ఇప్పుడున్న వర్ణక్రమం ఇంగ్లీషువారు కల్పించుకున్నది. మనోస్థైర్యాన్ని చెప్పే మొరాల్, ప్రదేశాన్ని చెప్పే లొకేల్ అనే మాటల చివర ఉన్న ‘ఈ’ కూడా ఇంగ్లీషువారు చేర్చినదే. మాట చివరి భాగాన్ని ఒత్తి పలకాలని తెలపడానికి అది పనికివచ్చింది. కాబట్టి ఆంతరంగికులు ఎవరైనా సరే ‘ఈ’ లేని రూపం వాడితే లోటేమీ లేదు. ప్రొటెజే విషయంలో జంట ‘ఈ’ రూపం స్త్రీకి సరైనదే గాని తప్పనిసరి కాదు. మన సంగీత, నాట్య రంగాల గురించి రాసేటప్పుడు గురుశిష్య సంబంధాన్ని ‘డిసైపుల్’ అనే మాట మరింత స్పష్టంగా చెప్తుంది.

మామూలు మాట మేలైన చోట్లు

మాస్యూజ్ అనే స్త్రీ రూపం ఇంగ్లీషులో బాగా స్థిరపడినా, కాలక్రమంలో దానికి అసభ్యమైన అర్థచ్ఛాయ అంటుకుంది. ఆ వృత్తిలో ఉన్నవారు మసాజ్ థెరపిస్ట్ అని పిలిపించుకోవడానికి ఇష్టపడతారు, రాసేవారు దాన్నే పాటించాలి.

డాన్స్యూజ్ అనే మాట గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మన ఇంగ్లీషు పత్రికల్లో కూచిపూడి, భరతనాట్యం ప్రదర్శనల సమీక్షల్లో అది ఇప్పటికీ విరివిగా కనిపిస్తుంది. ఫ్రెంచి బ్యాలేకు చెందిన ఆ మాటను మన నర్తకికి వాడినవారు గౌరవంతోనే వాడారనడంలో సందేహం లేదు. చిక్కు ఎక్కడంటే, అదే వేదిక మీద నాట్యం చేసిన పురుషుణ్ని అదే సమీక్షలో ‘డాన్సర్’ అంటారు. ఆమె ఒక అలంకారంగా, అతను ఒక కళాకారునిగా మిగులుతారు. కూచిపూడిలో ఒకప్పుడు పురుషులే స్త్రీ వేషాలు కట్టేవారు, వేదాంతం సత్యనారాయణ శర్మ ధరించిన సత్యభామ పాత్ర అందుకు సుప్రసిద్ధమైన ఉదాహరణ. అటువంటి కళలో నర్తకుల మధ్య ఒక పరాయి భాష తెచ్చిన లింగభేదాన్ని నిలబెట్టవలసిన అవసరం నాకు కనిపించదు. ‘కూచిపూడి డాన్సర్’ అనే మాట ఇద్దరికీ సరిపోతుంది, ఇద్దరినీ ఒకే ఎత్తున నిలబెడుతుంది.

మనుషులకు కాక గుణాలకు వాడే కొన్ని మాటలు ఏదో ఒక లింగంలో గడ్డకట్టుకుపోయాయి, వాటి జోలికి పోనక్కరలేదు. అమాయకత్వాన్ని చెప్పే నయీవ్ ఫ్రెంచిలో స్త్రీ రూపమే అయినా ఇంగ్లీషులో విశేషణంగా అందరికీ అదే. చీకటి ఛాయల నేరకథా చిత్రాలను చెప్పే ఫిల్మ్ నువార్‌లో లేని చివరి ‘ఈ’, బొత్తిగా గిట్టనిదాన్ని చెప్పే బెట్ నువార్‌లో ఉండటానికి కారణం, ఫ్రెంచిలో సినిమా అనే మాట పుంలింగం, జంతువు అనే మాట స్త్రీలింగం కావడమే. ఇటువంటి పదబంధాలను ఉన్నవి ఉన్నట్లుగా రాయాలి.

ఇక మిగిలింది వాలుగీత సంగతి. ఫియాన్సే అనే మాటను గీత లేకుండా రాయడం ఇంగ్లీషులో తప్పు కాదు, ‘ఈ’ల సంఖ్య సరిగా ఉంటే చాలు. గీత పెట్టదలిస్తే జంట ‘ఈ’లో మొదటిదాని మీదే పెట్టాలి. రెండోదాని మీద పెట్టడం, గీతకు బదులు పక్కన అపాస్ట్రఫీ పెట్టడం రెండూ తప్పులే. ప్రొటెజేలో అటువంటి గీతలు రెండు ఉన్నాయి కాబట్టి పెడితే రెండూ పెట్టాలి, లేదా రెండూ మానాలి. ఒక వ్యాసంలో ఒక మాటకు గీత పెట్టి మరో మాటకు వదిలేయడం చూడటానికి బాగుండదు. ఫోనులో ‘ఈ’ అక్షరాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే గీత ఉన్న రూపాలు పైన కనిపిస్తాయి. విండోస్ కంప్యూటరులో ఆల్ట్ మీటను నొక్కి ఉంచి, కుడివైపు అంకెల మీటలతో 0233 కొడితే ఆ అక్షరం వస్తుంది. పత్రికకు పంపే వ్యాసమైతే ఆ పత్రిక పద్ధతిని అనుసరించాలి. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో మాత్రం గీతలను మానేయడమే క్షేమం, ఎందుకంటే కొన్ని వ్యవస్థలు ఆ అక్షరాన్ని తిరస్కరిస్తాయి, మరికొన్ని దాని స్థానంలో అర్థంలేని గుర్తులను ముద్రిస్తాయి.